గుర్రానికి తెలియని జాతకం

ఇంగ్లండులోని చెల్టెనమ్‌లో ఏటా మార్చిలో నాలుగు రోజుల గుర్రప్పందేల జాతర జరుగుతుంది. రోజుకు ఏడు చొప్పున 28 పందేలు. ఇంచుమించు ఉగాది రోజుల్లోనే వస్తుంది కాబట్టి, ఇక్కడ మనం రాశిఫలాలు తిరగేస్తుండగా అక్కడ వాళ్ళు గుర్రాల ఫలాలు తిరగేస్తుంటారు. పద్ధతి ఒకటే: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. కాకపోతే మన సిద్ధాంతిగారు ఏడాదికోసారి గుడి మండపంలో కూర్చుని చెప్పి, శాలువా కప్పించుకుని వెళ్ళిపోతారు. తప్పయితే మళ్ళీ ఉగాది దాకా అడిగేవాడుండడు. రేసు సిద్ధాంతి నలభై నిమిషాలకో జాతకం చెప్తాడు, పది నిమిషాలు తిరక్కుండా తప్పుతాడు, అయినా తర్వాతి పందెం ముందు అదే కోటు, అదే టోపీ, అదే గొంతుతో మళ్ళీ కెమెరా ముందు నిలబడతాడు. ఆ గుండె ధైర్యానికి విడిగా ఒక కప్పు పెట్టాలి.

అక్కడి హర్డిల్ రేసు, అంటే కంచెలు దూకుతూ పరిగెత్తే పందెం, మన హైదరాబాద్ మలక్‌పేటలో కనిపించేది కాదు. ఇక్కడ గుర్రం చదునైన పచ్చిక మీద ఒకటి రెండు నిమిషాలు దూసుకెళ్ళి పని ముగిస్తుంది. అక్కడ రెండు మైళ్ళు, ఆపైన. దారిలో కనీసం ఎనిమిది కంచెలు, ఒక్కోటి మూడున్నర అడుగుల ఎత్తు. చెక్క చట్రంలో రెమ్మలు బిగించి నేలలో గుచ్చిన తడికలవి. గుర్రం కాలు తగిలితే తడిక వాలిపోతుంది. ఒక్కోసారి తడిక నిలబడి గుర్రం వాలిపోతుంది. ఈ రెండో సంగతి ఎప్పుడు జరుగుతుందో చెప్పగల శాస్త్రం ఇంకా పుట్టలేదు. చెప్పగలమనే శాస్త్రజ్ఞులు మాత్రం పేపరుకు నలుగురున్నారు.

పందేల్లో అసలు వినోదం హ్యాండీక్యాప్ హర్డిల్. చెల్టెనమ్ చివరి రోజు జరిగే కౌంటీ హర్డిల్ లాంటివి: ఇరవై పైచిలుకు గుర్రాలు, ఒకదాన్నొకటి రాసుకుంటూ మొదటి కంచె మీదికి. ఇందులో హ్యాండీక్యాపర్ అని ఒక అధికారి ఉంటాడు. ప్రతి గుర్రం పాత పరుగులన్నీ చూసి రేటింగ్ ఇవ్వడం ఆయన ఉద్యోగం. రేటింగ్‌లో ఒక్క అంకె ఎక్కువైతే వీపు మీద ఒక్క పౌండు బరువు ఎక్కువ. 140 రేటింగ్ గుర్రం 130 రేటింగ్ గుర్రం కంటే 10 పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు అదనంగా మోయాలి. చాలకపోతే జీను దగ్గర సీసపు పలకలు పెడతారు. లెక్క సరిగ్గా కుదిరితే గుర్రాలన్నీ గీత దగ్గరికి ఒక్కసారే రావాలి. అదే ఆయన లక్ష్యం, దానికే జీతం.

ఇప్పుడు తమాషా చూడండి. చరిత్రంతా చదివిన ఒక పెద్దమనిషి ఏడాది పొడవునా కూర్చుని, ఏ గుర్రం గెలుస్తుందో ఎవరూ చెప్పలేకుండా బరువులు సర్దుతాడు. అదే చరిత్రను పొద్దున కాఫీ తాగుతూ చదివిన ఇంకో పెద్దమనిషి, ఇదిగో గెలిచే గుర్రం అని అచ్చువేస్తాడు. ఇద్దరిలో ఎవరో ఒకరి ఉద్యోగం దండగ కావాలి. కానీ ఇద్దరి జీతాలూ సక్రమంగానే పడుతున్నాయి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఈ రెండో పెద్దమనిషి చదివే విధానం కొంచెం దగ్గర నుంచి చూడాలి. రేసు పుస్తకంలో ప్రతి గుర్రం పేరు పక్కనా ఒక అంకెల గొలుసు ఉంటుంది. ఉదాహరణకు నేనే ఒకటి అల్లుతాను: 3పీ-0ఎఫ్2. మూడు అంటే మూడో స్థానం. పీ అంటే గుర్రం చేతులెత్తేస్తే జాకీ మధ్యలో ఆపేశాడు. అడ్డగీత అంటే అక్కడితో సీజన్ మారింది. సున్నా అంటే మొదటి తొమ్మిదింటిలో కూడా లేదు. ఎఫ్ అంటే పడింది. చివర రెండు, అంటే మొన్నటి పరుగులో రెండో స్థానం. మామూలు కళ్ళకు ఇది ఒక్కసారి కూడా గెలవని గుర్రం. మన విశ్లేషకుడి కళ్ళకు ఏం కనిపిస్తుందో వినండి.

మూడో స్థానమా? అప్పటికి పసిది, అనుభవం లేదు. ఆపేశారా? ఆ రోజు నేల బురద, దానికి బురద పడదు. అడ్డగీత దగ్గర వేసవి విశ్రాంతి, పైగా గొంతుకు ఆపరేషన్. (ఇది వెటకారం కాదు. ఊపిరి బాగా ఆడడానికి గుర్రాలకు గొంతు ఆపరేషన్లు చేయిస్తారు. 2018 నుంచి బ్రిటన్‌లో ఆ సంగతి పందెం ముందు ప్రకటించాలని నిబంధన కూడా ఉంది. మన దగ్గర నాయకుల గొంతులకు ఇంకా అలాంటి నిబంధన రాలేదు.) సున్నా వచ్చిందా? సెలవుల తర్వాత మొదటి పరుగు, ఒళ్ళు వంగలేదు. పడిందా? పడేముందు అన్నిటికంటే హాయిగా పరిగెడుతోంది, పడకపోతే గెలిచేదే. మొన్న రెండో స్థానమా? అదిగో, దారిలో పడింది! ఈసారి కళ్ళకు మొదటిసారి గంతలు కడుతున్నారు, కుర్ర జాకీకి అయిదు పౌండ్ల రాయితీ ఉంది, నిన్న రాత్రి వాన కురవలేదు. ఇంకేం కావాలి?

ఇదే గొలుసు ఆయనకు నచ్చని గుర్రం పక్కన ఉంటే? ఆపేసిన గుర్రం, పడే గుర్రం, గెలవడం చేతకాని గుర్రం, గంతలు కట్టారంటే ట్రైనరే ఆశ వదులుకున్నాడు. గ్రహాలు అవే, ఇష్టాన్నిబట్టి యోగం మారుతుంది. ఆయన వాడే మాటలు కూడా గమనించండి. నేల అనుకూలిస్తే. మొదట్లో తొందరపడకపోతే. కంచెలు శుభ్రంగా దూకితే. తీసిపారేయడానికి లేదు. ఇన్ని ‘తే’లు తగిలించుకుంటే నేనూ చెల్టెనమ్‌లో పరిగెత్తగలను.

పందెం అయ్యాక గుర్రం పన్నెండోదిగా వచ్చిందనుకోండి. అప్పుడు నేల ఎండిపోయిందంటారు. పోటీ మరీ నెమ్మదిగా సాగిందంటారు, లేకపోతే మరీ వేగంగా సాగిందంటారు. ఈ సాకులన్నీ మళ్ళీ వచ్చే పందేనికి ఆధారాలుగా పనికొస్తాయి. ఓటమి ఎంత ఘోరంగా ఉంటే వచ్చేసారికి అంత మంచి సాకు. పైగా రేటింగ్ తగ్గి బరువు కూడా తగ్గుతుంది. అందుకే ఈ విద్యలో ఓడిపోయిన గుర్రానికున్న భవిష్యత్తు గెలిచిన గుర్రానికి లేదు.

బ్రిటిష్ రేసు పత్రికల నిజాయితీని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. రోజుకు ఒక్క గుర్రాన్ని ‘ఇది మాత్రం ఖాయం’ అని ఎంచమని వివిధ పేపర్ల విలేకరులకు పోటీ పెట్టి, ప్రతిదాని మీదా ఒక్కో పౌండు కాస్తే ఎంత మిగిలిందో, ఎంత పోయిందో పట్టిక వేస్తారు. ఆ పట్టికను ఎప్పుడైనా కిందిదాకా చదవండి. మైనస్ గుర్తుల తోరణం. వీళ్ళేమీ వీధిలో చిలక పంజరం పెట్టుకున్నవాళ్ళు కారు. ఇదే వృత్తిగా జీతం తీసుకునేవాళ్ళు, రోజుకు ఒక్క గుర్రాన్ని మాత్రమే ఎంచమంటే వచ్చిన ఫలితం అది.

పుస్తకం నమ్మలేనప్పుడు గుర్రాన్నే కళ్ళారా చూసి తేల్చుకుంటామనే వర్గం ఇంకొకటి ఉంది. పందేనికి ముందు గుర్రాలను గుండ్రంగా నడిపిస్తారు. అక్కడ కంచెకు ఆనుకుని నిలబడి, వెంట్రుకల మెరుపు, నడకలో ఊపు, ఒంటి మీద చెమట చూసి ఫలితం చెప్పే సాముద్రికులు వీళ్ళు. చెమట పట్టిందంటే గుర్రం కంగారు పడుతోంది, శక్తంతా ఇక్కడే ఖర్చు చేస్తోంది, డబ్బు వద్దు. సూత్రం బాగానే ఉంది. 1974 ఆగస్టులో కార్ట్‌మెల్ అనే చిన్న ఊళ్ళో ఒక హర్డిల్ రేసుకు గే ఫ్యూచర్ అనే గుర్రం వచ్చింది. కాళ్ళంతా నురగ. చూసినవాళ్ళంతా పెదవి విరిచారు, పందెం ధర 10కి 1 అయింది (ఒక పౌండు కాసి గెలిస్తే పది పౌండ్ల లాభం). గుర్రం పదిహేను గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. ఆ నురగ సబ్బుది. గుర్రం తాలూకు ఐరిష్ ముఠా ముందుగానే దాని కాళ్ళకు సబ్బుపొడి రుద్ది తెచ్చింది. తర్వాత కేసయింది, కోర్టు జరిమానా వేసింది. సాముద్రిక శాస్త్రానికి ఎవరూ జరిమానా వేయలేదు, అది ఇప్పటికీ కంచెకు ఆనుకునే నిలబడి ఉంది.

మరుసటి ఏడాది, 1975 జూన్ 26న ఐర్లండులోని బెల్యూస్‌టౌన్‌లో జరిగింది ఇంకా ముచ్చటైన కథ. బార్నీ కర్లీ అనే ఆయనకు యెల్లో శామ్ అనే గుర్రం ఉంది. దానికి పడని పరిస్థితుల్లో, పడని పందేల్లో ముందే పరిగెత్తించి, కాగితం మీద దాని పరువు పూర్తిగా తీసి ఉంచాడు. పైన చెప్పిన అంకెల గొలుసు ఉంది చూశారూ, దాన్ని యజమానే స్వహస్తాలతో అల్లాడన్నమాట. ఆ రోజు దేశమంతటా ఉన్న పందెం దుకాణాల్లో ఆయన మనుషులు చిన్న చిన్న మొత్తాలు కాశారు. దుకాణాలవాళ్ళకు అనుమానం వచ్చి మైదానానికి ఫోన్ చేసి ధర తగ్గించమందామంటే, అక్కడ ఉన్నది ఒక్కటే ఫోను. ఆ ఫోను పట్టుకుని ఒక బొద్దు మనిషి, చావుబతుకుల్లో ఉన్న అత్తయ్య గురించి ఆస్పత్రితో కన్నీళ్ళు పెట్టుకుంటూ మాట్లాడుతున్నాడు. వరుసలో ఉన్నవాళ్ళు కూడా పాపం అని జాలిపడ్డారు. అత్తయ్య లేదు, ఆస్పత్రీ లేదు. యెల్లో శామ్ 20కి 1 ధరలో గెలిచింది. మూడు లక్షల పౌండ్ల పైచిలుకు. కడుపు మండిన బుకీలు ఆ సొమ్మును ఒక్కో పౌండు నోట్లుగా 108 సంచుల్లో నింపి ఇచ్చారు. అష్టోత్తర శతం! లెక్కపెట్టుకునేటప్పుడు కర్లీ ఏ దేవుడి నామాలు చదువుకున్నాడో తెలియదుగానీ, చట్టప్రకారం ఆయన చేసింది నేరం కూడా కాదన్నారు.

ఆ రోజు ఉదయం బెల్యూస్‌టౌన్ గురించి విశ్లేషణ రాసినవాళ్ళను తలచుకుంటే నాకు జాలేస్తుంది. వాళ్ళు శ్రద్ధగా పాత పరుగులన్నీ చదివి ఉంటారు. దొంగ రాసిన డైరీని ఆధారంగా పెట్టుకుని దర్యాప్తు చేసి ఉంటారు.

ఇవన్నీ పాతకాలపు మోసాలు, ఇప్పుడు కెమెరాలున్నాయి, నిఘా ఉంది, గణాంకాలున్నాయి అంటారా? సరే, మోసం లేని మహారాజులాంటి పందేన్నే తీసుకుందాం. 2025 మార్చి 11, చెల్టెనమ్‌లో ఛాంపియన్ హర్డిల్. రేటింగ్‌నుబట్టి బరువుల సర్దుబాటు లేదు, ఉన్నవి ఏడే గుర్రాలు. కాన్‌స్టిట్యూషన్ హిల్ అప్పటిదాకా హర్డిల్స్ మీద పదికి పది గెలిచింది. ఓడిపోవడమంటే ఏమిటో దానికి తెలియదన్నారు. అయిదో కంచె దగ్గర పడింది. అంతకుముందు ఏడాది విజేత స్టేట్ మ్యాన్ చివరి కంచె దాకా అందరికంటే ముందుంది, ఇక గెలిచినట్టే కనిపించింది. అక్కడ అదీ పడింది. వెనకాల తన మానాన తాను వస్తున్న గోల్డెన్ ఏస్ అనే ఆడగుర్రం 25కి 1 ధరలో ఛాంపియన్ అయింది. దాని ట్రైనర్ మనసు ఆడగుర్రాల పందెం మీదే ఉంది. యజమాని పట్టుబట్టబట్టి ఇందులో దిగింది. నిపుణుడు వద్దన్నాడు, మొండివాడు గెలిచాడు. మర్నాడు విశ్లేషణల్లో గోల్డెన్ ఏస్ సుగుణాలు చదివితే, అంత గొప్ప గుర్రాన్ని నిన్న పొద్దున వీళ్ళంతా ఎక్కడ దాచారా అనిపించింది.

దానికి పదేళ్ళ ముందు, 2015లో ఇదే మైదానంలో జరిగింది ఇంకా ఖరీదైన పతనం. ఒకే ట్రైనర్ విల్లీ ముల్లిన్స్, ఒకే జాకీ రూబీ వాల్ష్. మొదటిరోజు వాళ్ళ ఫేవరెట్లు మూడు వరసగా గెలిచాయి. నాలుగోది యానీ పవర్. నాలుగూ గెలుస్తాయని కలిపి కాసినవాళ్ళు దేశమంతా ఉన్నారు. చివరి కంచె దగ్గర యానీ పవర్ ముందుంది, దూకింది, పడింది. ఆ ఒక్క పాటు వల్ల బుకీలకు మిగిలింది సుమారు అయిదు కోట్ల పౌండ్లని లెక్కగట్టారు. గెలిచిన గుర్రం కూడా ముల్లిన్స్‌దే. పెద్ద ట్రైనర్లు ఒకే పందెంలో నాలుగైదు గుర్రాలను దించుతారు, ఏది గెలిచినా ఇంటి గుర్రమే. ఆయన ఎప్పుడూ సరైన గుర్రం మీదే ఉంటాడు. మనం ఒక్కదాన్ని ఎంచుకోవాలి.

ఈ మొత్తం సంతలో లెక్క నిజంగా వచ్చినవాడు బుకీ ఒక్కడే. ఆయన గుర్రం పళ్ళు చూడడు, నేల తడి చూడడు. మూడు గుర్రాల పందెం అనుకోండి. మూడింటికీ 6కి 4 ధర ఇచ్చాడు. ఏది గెలిచినా చేతికి 100 రావాలంటే ఒక్కోదాని మీద 40 కాయాలి, మూడింటికీ 120. వంద ఇవ్వడానికి 120 తీసుకున్నాడు. గుర్రాలు పెరిగినకొద్దీ ఈ అదనం ఉబ్బుతుంది. అందుకే ఇరవై నాలుగు గుర్రాల హర్డిల్ అంటే ఆయన ముఖంలో ఉగాది కళ. దాన్ని ‘ఈ రోజు అత్యంత ఆసక్తికరమైన పోటీ’ అని ప్రకటనల్లో వేయిస్తాడు. ఎవరికి ఆసక్తికరమో వేయించడు.

దీనికి తోడు ఈచ్‌వే అనే తాయిలం. గెలుపుకు ఒక పందెం, మొదటి నాలుగు స్థానాల్లో ఎక్కడ వచ్చినా పావు ధరకు ఇంకో పందెం. పది పౌండ్లు అంటాడు, తీసుకునేది ఇరవై. మీ గుర్రం 4కి 1 ధరలో ఉండి నాలుగోదిగా వస్తే చేతికొచ్చేది అదే ఇరవై. ఇచ్చిందే మళ్ళీ చేతిలో పెడితే పందెం గెలిచామని పక్కవాడికి టీ ఇప్పించినవాళ్ళున్నారు. టీ డబ్బులు నష్టం.

ఇదంతా సీమదేశపు పిచ్చి, మనకెందుకంటారేమో. మలక్‌పేటలో కంచెలు లేకపోవచ్చు, పుస్తకం మాత్రం అదే. చెవి మీద పెన్సిలు, చేతిలో నాలుగు మడతల రేసు పుస్తకం, ‘అన్నా, పక్కా ఖబర్, జాకీ బామ్మర్దే చెప్పిండు’ అనే గుసగుస. ఆ బామ్మర్ది అన్ని గుర్రాల గురించీ తలొకరికీ చెప్పి ఉంటాడు, ఎవడో ఒకడికి నిజమవుతుంది, వాడే ఊరంతా ప్రచారం చేస్తాడు. ఈ వ్యవహారానికి మన దేశంలో న్యాయస్థానం ముద్ర కూడా ఉంది. మద్రాసు రేస్ క్లబ్ వ్యవహారంలో 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం అని తేల్చింది. అంతకుముందు 1968లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే రమ్మీకి కూడా ఆ గౌరవం దక్కింది. నైపుణ్యం గుర్రానిదా, జాకీదా, పెన్సిలుదా అన్నది వేరే సంగతి. జీఎస్టీ మండలికి ఈ సూక్ష్మాలు పట్టలేదు. 2023 అక్టోబరు నుంచి పందెం మొత్తం మీద 28 శాతం, 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం వేసి, నైపుణ్యాన్ని తీసుకెళ్ళి లాటరీ పక్కన కూర్చోబెట్టింది. ఒకే దేశంలో ఒక పీఠం దాన్ని విద్య అంటుంది, ఇంకో పీఠం వ్యసనం లెక్కన పన్ను వేస్తుంది. పందెం కాసేవాడు మాత్రం రెండింటికీ దణ్ణం పెట్టి కిటికీ దగ్గర వరుసలో నిలబడతాడు.

చదువులకని బ్రిటన్ వెళ్ళిన మన పిల్లలకు ఒక్క మాట. అక్కడ 1961 నుంచి పందెం దుకాణం చట్టబద్ధం, ఇప్పుడు అది ఫోన్‌లోకి కూడా వచ్చింది. రాత్రి డ్యూటీ దిగి బస్సులో కూర్చుని, నేల తడి, గొంతు ఆపరేషన్, కుర్ర జాకీ రాయితీ అన్నీ సరిచూసుకుని, మనం లెక్కేసి కాస్తున్నాం, జూదం ఆడటం లేదు అనుకుంటున్నారేమో. అక్కడి కంపెనీలకు ఒక అలవాటుంది. నిలకడగా గెలిచేవాడు కనబడితే అతని ఖాతాకు పరిమితి పెట్టేస్తాయి. వంద పౌండ్లు కాస్తానంటే రెండు పౌండ్లే తీసుకుంటామంటాయి, కొన్నిసార్లు అసలు వద్దంటాయి. ఎవరి లెక్క ఎంతో వాళ్ళకు అంత బాగా తెలుసు. మీ ఫోన్‌లోని యాప్ మీరు ఎంత కాస్తానంటే అంతా తీసుకుంటోందా? పైగా పండగ పూట ఉచిత పందెం కూడా బహుమతిగా ఇస్తోందా? అయితే మీ నైపుణ్యం మీద వాళ్ళ అంచనా పూర్తయింది.